తుహినాక్షి ఇంట నదుల విడిది

పూర్వం, దేవేంద్రుడు పర్వతాల రెక్కలు నరికిన గాయాలు ఇంకా పూర్తిగా మానని కాలంలో, ఉత్తర దిక్కున, మేఘాలు సైతం మధ్యలో ఆగి అలుపు తీర్చుకుని గాని ఎక్కలేనంత ఎత్తున, తుహినాక్షి అనే సరస్సు ఉండేది. నగాధిరాజైన హిమవంతుడి మానసపుత్రికలలో ఆమె కడగొట్టుది. పెళ్ళి కాలేదు. మాట నెమ్మది. మూడు పక్కలా మంచుకొండలు గోడల్లా నిలిచి ఉండగా, నాలుగో పక్కన మంచుగడ్డలూ బండరాళ్ళూ ఒకదాన్నొకటి పట్టుకుని తమంతట తామే ఒక గట్టుగా ఏర్పడి, ఆమె నీటిని ఆపుతూ ఉండేవి. ఆ గట్టు కింద లోయ. లోయ పొడవునా కిరాతుల పల్లెలు, యవల చేలు, గొర్రెల దొడ్లు. ఆ గట్టు తెగితే లోయలో పొయ్యి వెలిగించడానికి ఒక్కరు మిగలరు. ఆ సంగతి లోయలో అందరికీ తెలుసు. అందుకే ఎవరూ దాన్ని గురించి మాట్లాడుకునేవారు కారు.

ఆ సరస్సు తీరాన మౌంజాయనుడు అనే మహర్షి తపస్సు చేసుకుంటూ ఉండేవాడు. ఆయన పుట్టింది దక్షిణాన, గోదావరీ తీరంలో. యౌవనంలోనే విరక్తుడై, ఇల్లూ వాకిలీ విడిచి, ఉత్తరం వైపు నడక సాగించి, ఇక నడవడానికి నేల లేని చోట ఆగిపోయి, ఒక రాతిగుహను నెలవు చేసుకున్నాడు. శిష్యులు లేరు. ఆయనకు మాట్లాడే మనిషి తారసపడి ఎంతకాలమైందో ఆయనకే గుర్తు లేదు.

ప్రతి ఉదయం స్నానానికి దిగే ముందు ఆ తపోధనుడు గంగ, యమున, గోదావరి, సరస్వతి, నర్మద, సింధువు, కావేరి అనే ఏడుగురు పుణ్యనదులనూ పేరుపేరునా ఆ నీటిలోకి పిలిచేవాడు. పిలిచినప్పుడు ఆ తల్లులు తమ అంశలో లేశమంతగా వచ్చి నీటిలో నిలిచేవారు. స్నానం ముగిశాక చేతులు జోడించి, వచ్చినవారిని వచ్చిన చోటికి సగౌరవంగా సాగనంపేవాడు. పిలవడాన్ని ఆవాహన అంటారు, పంపడాన్ని ఉద్వాసన అంటారు. పిలిచిన దేవతను పంపకుండా ఊరుకోకూడదు. పసిపిల్లలకు కూడా తెలిసిన నియమం అది.

ఒక చైత్రమాసపు ఉదయం మౌంజాయనుడు ఆ నియమం తప్పాడు.

ఆనాడు గోదావరి అంశతో పాటు ఒక వాసన వచ్చింది. అప్పుడే తడిసిన నల్లరేగడి వాసన, దానిలో కలిసి మామిడిపూత వాసన. లంకల్లో తుంగ గాలికి ఊగుతున్న చప్పుడు కూడా వచ్చింది. నడుం లోతు చన్నీటిలో నిలబడ్డ ఆ వృద్ధ తపస్వికి పుట్టిన ఊరు కళ్ళకు కట్టింది. ఉద్వాసన మంత్రం కోసం జోడించిన చేతులు జోడించినట్టే ఉండగా, నోటి నుంచి వేరే మాట వచ్చింది.

"కాసేపు ఉండు తల్లీ."

ఒక్కరినే ఉండమంటే తక్కినవారు చిన్నబుచ్చుకుంటారని వెంటనే తోచింది. "అందరూ ఉండండమ్మా. తొందరేముంది?" అన్నాడు.

అలా అని, ఒడ్డున బండ మీద కూర్చుని, ఆ నీళ్ళ గలగలల్లో తన చిన్ననాటి రేవును వింటూ, ఆకలీ చలీ మరచి, సూర్యుడు పడమటి కొండ వెనక్కు దిగేదాకా లేవలేదు. అలవాటు చొప్పున సంధ్యాదీపం వెలిగించాడు. దీపం నీటిలో ఏడు దీపాలై కనిపించింది. అప్పుడు ఉలిక్కిపడి లేచి, చేతులు జోడించి, "తల్లులారా, మీ మీ స్థానాలకు సుఖంగా వెళ్ళిరండి" అన్నాడు.

నీరు కదల్లేదు.

"ఎలా వెళ్తాం నాయనా?" అని నీటి అడుగు నుంచి త్రిపథగామిని అయిన గంగ గొంతు వినిపించింది. "మంత్రంతో పిలిచి మంత్రంతో పంపినన్నాళ్ళూ మేము నీకు దేవతలం. ఇవాళ నోరారా ఉండమన్నావు. ఉన్నాం. ఇప్పుడు అతిథులం."

"పైగా దీపం పెట్టావు" అంది గోదావరి. "దీపం పెట్టిన ఇంట్లోంచి ఆడవాళ్ళు బొట్టయినా పెట్టించుకోకుండా లేచి వెళ్తారా? మా వైపు అలా లేదు. నువ్వూ మా వైపు వాడివేగా, ఆ మాత్రం తెలీదూ?"

"అమ్మా, నేను ఏకాకిని. నాకు ఇల్లే లేదు."

"ఇల్లు లేనివాడు చుట్టాలను ఎందుకు ఆపినట్టో!" అంది కావేరి, పక్కనున్న నర్మదకు వినిపించేలా.

గంగ నవ్వలేదు. "మౌంజాయనా, ఇది మా మంకుపట్టు కాదు. భూమి మీద ప్రతి ఇంట్లోనూ చెంబెడు నీళ్ళలోకి మమ్మల్ని పిలుస్తారు. పిలిచినవాడు పంపితేనే కదులుతామని మాట ఇచ్చి ఉన్నాం కాబట్టే ఆ పిలుపులకు పలుకుతున్నాం. ఇవాళ నీ కోసం మర్యాద తప్పి మాయమైతే, రేపు ఏ చెంబులోకీ రాలేం. ఒక ఇల్లాలి చేత బొట్టు పెట్టించి పంపు. ఆ క్షణమే వెళ్తాం."

తెల్లవారేసరికి సరస్సు తీరు మారిపోయింది.

ఉండమన్నాక లేశమంతగా ఉండటం అతిథికి మర్యాద కాదు గనుక, ఆ ఏడుగురూ నిండుగా ఉండసాగారు. మైదానాల్లో వారి వారి ప్రవాహాలు సన్నగిల్లాయి. రేవుల్లో పడవలు ఇసుక మీద పక్కకు ఒరిగాయి, అర్ఘ్యమివ్వడానికి దిగిన బ్రాహ్మణులు దోసిట్లో తడి ఇసుకతో ఆకాశం వైపు చూశారు. అక్కడ తగ్గినదంతా ఇక్కడ పెరిగింది. మునీశ్వరుడి స్నానపు బండ మునిగింది. గుహ గడప మునిగింది. గట్టు లోపలి నుంచి, ఎండిన కర్రను మోకాలి మీద విరుస్తున్నట్టు, టప్ మని ఒక చప్పుడు వచ్చింది.

తుహినాక్షి నీటిలోంచి పైకి వచ్చింది. మంచు రంగు చీర, తడిసిన జుట్టు, బెదిరిన కళ్ళు.

"స్వామీ, నా ఇల్లెంత, వీళ్ళెంత? సింధువు పెద్దమ్మ నిద్దట్లో కాలు చాపితే చాలు, నా గట్టు బయటికి ఒరుగుతోంది. వెళ్ళమనడానికి నాకు నోరు రాదు. ఆపడానికి బలం లేదు. ఏదో ఒకటి చెయ్యండి."

ఆ తపశ్శాలి కమండలంలోని నీటిని అభిమంత్రించి గట్టు మీద చల్లాడు. పగుళ్ళు ఒక చోట పూడుకుని మరోచోట విచ్చుకున్నాయి. మళ్ళీ చల్లాడు. తపఃఫలం చేతుల్లోంచి ఇసుకలా జారిపోతోంది గాని గట్టు నిలబడే లక్షణం కనిపించలేదు.

"నీవే బొట్టు పెట్టరాదా తల్లీ?" అని తుహినాక్షిని అడిగాడు.

"కన్నెపిల్లను. నేను ఇల్లాలిని ఎలా అవుతాను?"

"పోనీ, కైలాసం నుంచి జగన్మాతను ఆవాహన చేసి..."

"మళ్ళీ ఆవాహనా!" అంది తుహినాక్షి, రెండు చేతులూ అడ్డం పెట్టి. "ఇంకొకరికి చోటెక్కడుంది స్వామీ?"

మహర్షి లోయ వైపు చూశాడు. కింది పల్లెలకు దిగి ఒక ముత్తైదువను తీసుకురావాలంటే రానూపోనూ నాలుగు రోజుల దారి. గట్టుకు అంత ఆయుష్షు లేదు.

"పడమటి వాలులో ఒక గుడిసె ఉంది" అంది తుహినాక్షి చివరికి. ఎందుకో తల వంచుకుని అంది. "దాంట్లో ఒక ఆడమనిషి ఉంటుంది. చమరిక అని, కిరాతుల కోడలు."

మిగిలినదంతా వినకుండానే మౌంజాయనుడు పరుగు లాంటి నడకతో బయలుదేరాడు.

ఆ గుడిసె ముందు ఒక స్త్రీ మోకాళ్ళ మధ్య తోలుతిత్తి పెట్టుకుని జడలబర్రె పాలు చిలుకుతోంది. నుదుట ఎర్రని వేరుగంధంతో పెట్టిన బొట్టు ఉంది. మహర్షిని చూసి చిలకడం ఆపింది.

"సామి ఇటేపు వచ్చాడా! ఈ ఏడు సూర్యుడు పడమట పొడుస్తాడు కాబోలు. కూచో సామీ. మజ్జిగ తాగుతావా?"

"అమ్మా, కూర్చునే వ్యవధి లేదు" అన్నాడు మహర్షి. జరిగినదంతా దాచకుండా చెప్పాడు. తన నోటి నుంచి వచ్చిన మాటా, దీపమూ, గట్టు పగుళ్ళూ అన్నీ.

చమరిక మొదట నవ్వింది. "ఏడుగురు ఆడవాళ్ళని ఇంట్లో పెట్టుకుని ఏం చెయ్యాలో తోచక ఇట్టా పరుగెత్తుకొచ్చావా? మా పల్లెలో ఇద్దరున్న మగాళ్ళే తలపట్టుకుంటారు." ఆ వెంటనే గట్టు వైపు చూసి నవ్వు ఆపేసింది. తిత్తి పక్కన పెట్టి నిలబడింది. "నేను పనికిరాను సామీ."

"నీ నుదుట బొట్టు ఉంది కదా తల్లీ!"

"ఉంది. అదే తంటా." కనుమ వైపు చెయ్యి చూపింది. "నా మొగుడు శరభుడు. ఆ కనుమ దాటి ఉప్పు తేవడానికి పోయాడు. తిరిగి వస్తుండగా కొండ మీంచి మంచు జారింది. అంతే. మనిషి జాడ లేదు. మా కిరాతుల్లో ఒక కట్టుబాటు ఉంది సామీ. కనుమ మీద తప్పినవాణ్ణి కళ్ళారా చూసేదాకా పోయాడనకూడదు. ఉన్నాడనీ అనకూడదు. మంచు చేతిలో ఉన్నాడు అంటాం. వాడి పెళ్ళాన్ని పెళ్ళికి పిలవరు. చావుకీ పిలవరు. నుదుట బొట్టు తియ్యనివ్వరు, ఆ బొట్టుతో ఎవరి గడపా తొక్కనివ్వరు. అందరూ మంచోళ్ళే. కనపడితే ఎదర మంచి మాటే చెబుతారు. వస్తాడ్లే అంటారు. అని, దారి మార్చి పోతారు. వాళ్ళని అట్టా ఇబ్బంది పెట్టడమెందుకని ఇక్కడికొచ్చి గుడిసె వేసుకున్నా. ఇక్కణ్ణించి కనుమ కనపడుతుంది."

గట్టు నుంచి మళ్ళీ ఆ చప్పుడు వచ్చింది. ఒక బండ విడిపోయి లోయలోకి దొర్లుతూ పోయింది. ఇద్దరూ అది ఆగేదాకా విన్నారు.

"కింద మా అత్త ఉంది" అంది చమరిక. "మా తోడికోడళ్ళ పిల్లలున్నారు. నాకు పెట్టాలని లేదనుకోకు. వాడు లేకుండా ఉండి, నేను ముత్తైదువలాగా చెయ్యి చాస్తే, అది ఆ తల్లులకు అవమానమైతే? కోపమొచ్చి కాలు చాపితే?" కళ్ళు పైకెత్తింది. "సామీ, మంచూ నీళ్ళే కదా. నీ చుట్టాలకి తెలీకుండా ఉంటుందా? అడుగు. ఉన్నాడంటే ఇప్పుడే వచ్చి పెడతా. లేడంటే లేడని చెప్పు. ఏదో ఒకటి చెప్పు."

ఇద్దరూ సరస్సు దగ్గరికి వచ్చారు. చమరిక కాస్త దూరాన బండల దగ్గర ఆగిపోయింది. మౌంజాయనుడు నీటి అంచుకు వెళ్ళి వంగి, తుహినాక్షిని మెల్లగా అడిగాడు.

తుహినాక్షి కళ్ళు నీళ్ళతో నిండాయి.

"తూర్పు మంచుగోడ అడుగున ఉన్నాడు స్వామీ. పక్కన ఉప్పుసంచులున్నాయి. కొండ విదిలిస్తే నా ఒడిలోకి వచ్చి పడ్డాడు. అప్పటికే ప్రాణం లేదు. గడ్డకట్టిన నీటి మీద నాకు అధికారం లేదు, లేకపోతే ఏనాడో తెచ్చి అప్పగించేదాన్ని. ఆమె రోజూ కనుమ వైపు చూస్తుంది. నేను ఆమెను చూస్తుంటాను."

మహర్షి నిటారుగా లేచాడు. ఆయన వెనుక గట్టు. గట్టు కింద లోయలో ఉదయపు పొయ్యిల పొగ సన్నగా పైకి లేస్తోంది. ఎదుట, బండల దగ్గర, ఒక స్త్రీ ఆయన ముఖం వైపు చూస్తోంది.

ఉన్నాడు అంటే చాలు. ఆమె సంతోషంగా పరుగెత్తుకుని వస్తుంది, బొట్టు పెడుతుంది, నదులు కదులుతాయి, పల్లెలు బతుకుతాయి. ప్రాణరక్షణ కోసం ఆడిన అబద్ధానికి పాపం లేదని ధర్మశాస్త్రమే చెబుతోంది. ఆ మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆ స్త్రీ ముఖం చూసేసరికి అది అక్కడే ఆగిపోయింది. దయతో అబద్ధం చెప్పేవారు ఆమెకు లోయ నిండా ఉన్నారు. తన ఒంటరితనం భరించలేక తాను చేసిన తప్పుకు, ఒంటరితనం తప్ప మరేమీ మిగలని మనిషిని మోసగించి దిద్దుబాటు చేసుకోవడమా?

"లేడమ్మా" అన్నాడు మౌంజాయనుడు.

చమరిక కదల్లేదు.

"సామీ, నీ నోట వచ్చింది జరిగి తీరుతుందంటారు. ఉన్నాడను. ఒక్కసారి అను."

"రాబోయేదాన్ని మాటతో మలచగలను తల్లీ. వచ్చి వెళ్ళిపోయినదాన్ని మలచలేను. తూర్పు గోడ అడుగున ఉన్నాడు. ఉప్పు తెస్తూనే పోయాడు. నీ దగ్గరికి వస్తూనే పోయాడు."

ఆమె నేల మీద కూలబడింది. గొంతులోంచి ఒక్క కేక బయటికి వచ్చింది. కొండలు మూడు వైపుల నుంచీ ఆ కేకను తిప్పి ఇచ్చాయి. నీటిలో ఏడుగురు నదీమతల్లులూ మాటలు ఆపేశారు.

మహర్షి ఉత్తరీయం నడుముకు బిగించి గట్టు వైపు నడవసాగాడు. కాసేపటికి వెనుక నుంచి చమరిక గొంతు వినిపించింది.

"ఎక్కడికి సామీ?"

"పగులు దగ్గర అడ్డంగా పడుకుంటాను. మిగిలిన తపస్సంతా ధారపోస్తాను. నా తప్పు ఇది."

"నువ్వు అడ్డం పడితే ఎంతసేపు ఆగుతుంది? మేకపిల్ల పడుకున్నంత." ఆమె లేచి నిలబడింది. ముఖం తుడుచుకుంది గాని నుదురు తాకలేదు. "ఉండు. నేను మాట్లాడతా. బొట్టు పెట్టలేను. కానీ చుట్టాలకి ఆ మాట ఎదురుగా చెప్పాలి గదా. నీ చేత చెప్పించడమేంటి?"

అలా అని చమరిక నడుం లోతు దాకా ఆ మంచునీటిలోకి దిగి, చేతులు జోడించి నిలబడింది.

"అమ్మలారా, నా పేరు చమరిక. నిన్నటిదాకా నేనేంటో నాకే తెలీదు. ఇప్పుడు తెలిసింది. నా మొగుడు పోయాడు. మీకు బొట్టు పెట్టే చెయ్యి కాదు ఇది. ఇంకో చెయ్యి తెచ్చేంత పొద్దు లేదు. ఈ సామి ఊరి మీద బెంగతో మిమ్మల్ని ఆపాడు, చెడ్డోడు కాదు. వట్టి చేతులతో దణ్ణం పెట్టి పంపుతున్నా. తప్పు పట్టకుండా వెళ్ళండి. కింద మా వాళ్ళ పిల్లలున్నారు."

నీటి మీద చిన్న అల కూడా లేదు.

అప్పుడు సరస్సు మధ్య నుంచి భాగీరథి పైకి లేచింది. తెల్లని చీర, తలనిండా నీటి ముత్యాలు. ఆమె వెనుక యమున నల్లగా, సరస్వతి కనీ కనపడకుండా, సింధువు విశాలంగా, నర్మద, కావేరి, గోదావరి, భుజాల దాకా నీటిలో నిలిచి ఉన్నారు.

"కాదని ఎవరన్నారు?" అని గంగ అడిగింది. అడిగింది చమరికనే అయినా, చూసింది మహర్షి వైపు. "మౌంజాయనా, మేము అడిగింది ఏమిటి?"

"ఇల్లాలి చేతి బొట్టు, తల్లీ."

"ఆ ఇల్లాలికి భర్త ఉన్నాడా లేడా అని మేమడిగామా?"

మహర్షి తల వంచాడు. "లేదు తల్లీ. ముత్తైదువే అయి ఉండాలని నేనే అనుకున్నాను. ఈమె కూడా అదే అనుకుంది. అనుకోవడమే అలవాటైపోయింది."

"నిజమే, అలవాటే. కాబట్టి విను" అంది ఆ సురనది. "చితి ఆరిన బూడిదను నాలో కలుపుతారు. సగం కాలిన ఎముకలను కలుపుతారు. భర్తను కలిపిన స్త్రీ అదే నీటిలో మునిగి లేస్తుంది. ఆమెను ఏ తల్లీ, ఏ చెల్లీ తాకడానికి సాహసించని ఆ పూట, ఆమెను నఖశిఖపర్యంతం తాకేది నేను. అటువంటి నేను ఆ చెయ్యి ఇచ్చే బొట్టుకు నుదురు తిప్పుకుంటానా?"

"నా రేవులోకి దిగి మునిగి ఏడుస్తారు వాళ్ళు" అంది గోదావరి. "నీళ్ళల్లో ఏడిస్తే ఎవరికీ కనపడదని నా దగ్గరికొస్తారు. పక్కకు పొమ్మని ఒక్కనాడన్నా అన్నానా? ఇంకా అలా చూస్తావేంటమ్మాయ్, దా. చలికి పెదాలు నీలం పడుతున్నాయి, నీవి."

చమరిక ముందుకు వచ్చింది. ఇంటి నుంచి ఏమీ తెచ్చుకోలేదు. గుడిసె దాకా వెళ్ళి వచ్చే సమయం లేదు. చెయ్యెత్తి, ఏ రోజునైనా తుడుచుకోక తప్పదనుకుంటూ వచ్చిన ఆ ఎర్రని వేరుగంధాన్ని తన నుదుటి నుంచే వేలితో తీసుకుంది. గంగ తలవంచి నుదురు ఇచ్చింది. తర్వాత యమున. తర్వాత ఒక్కొక్కరే. ఒక నుదుటి మీది గంధం ఏడు నుదుళ్ళకూ చాలింది. చివరి బొట్టు పెట్టేసరికి చమరిక నుదురు ఉత్తదైపోయింది.

ఆమె వెనక్కు తిరగబోతే గోదావరి చెయ్యి పట్టుకుని ఆపింది.

"పెట్టించుకుని, తిరిగి పెట్టకుండా పోవడం మా ఇంటా వంటా లేదు."

ఆ తల్లి తన ఒండ్రుమట్టి చిటికెడు తీసి, చమరిక నుదుట దిద్దింది. "ఇది మొగుడి పేరున కాదమ్మా. ఆయన ఉన్నా లేకపోయినా నీ నుదురు నీదే. ఏడుగురిని సాగనంపిన ఇల్లాలివి. అందుకు పెట్టాను."

గంగ ప్రసన్నురాలై, "కిరాతకులవధూ, ఇష్టమైన వరం కోరుకో" అంది.

చమరిక చాలాసేపు తూర్పు మంచుగోడ వైపు చూసింది. పోయిన ప్రాణాన్ని అడుగుతుందేమోనని మహర్షి అనుకున్నాడు. ఆమె కూడా ఆ మాటే తలుచుకుని ఉండాలి. పెదవులు కదిలాయి, ఆగిపోయాయి. మంచుగోడ మీద నుంచి చూపు లోయలోకి దిగింది, మళ్ళీ పైకి వచ్చింది.

"మిమ్మల్ని సాగనంపాను" అంది. "ఆయన్ని ఎవరూ సాగనంపలేదు. నాకు ఇవ్వండి. ఇంకోటి, నాలాంటోళ్ళు మా లోయలో ఇంకా ఉన్నారు. కనుమ మింగినవాళ్ళని దాచుకోకుండా ఇచ్చెయ్యమని ఆ మంచుకి చెప్పండి. ఎటూ కాకుండా బతకడం ఎవరికీ వద్దు."

"తథాస్తు" అంది గంగ. ఆ మాటను ఆరుగురూ తిరిగి పలికారు.

అప్పుడు మౌంజాయనుడు కన్నీరు తుడుచుకుని, దోసిలి జోడించి, ఉద్వాసన మంత్రాన్ని స్పష్టంగా, ఒక్క అక్షరం తొట్రుపడకుండా చెప్పాడు. ఏడుగురు తల్లులూ ఏడు తెల్లని పొగమంచు తెరలై లేచి, కొండల మీదుగా తమ తమ దిక్కులకు సాగిపోయారు. వెళ్ళబోతూ గోదావరి ఒక్క క్షణం మహర్షి పక్కన నిలిచింది.

"ఊరు గుర్తొచ్చి నన్ను ఆపావు నాయనా. ఈసారి నన్ను పిలవడమెందుకు? నువ్వే రా."

సరస్సు నీరు దిగింది. స్నానపు బండ బయటపడింది. గట్టు రాళ్ళు ఒకదాని మీద ఒకటి మళ్ళీ సర్దుకుని కూర్చున్నాయి. మైదానాల్లో పడవలు ఇసుక మీంచి లేచి నిలబడ్డాయి, రేవుల్లో నిలిచినవారి పాదాలు తడిశాయి, ఆగిన అర్ఘ్యాలన్నీ సూర్యభగవానుడికి అందాయి.

తూర్పు మంచుగోడ పిడికిలి వదులు చేసినట్టుగా అడుగున విచ్చుకుంది. తుహినాక్షి శరభుణ్ణి రెండు చేతులతో మోసుకుని వచ్చి, ఒడ్డున పడుకోబెట్టింది. వెళ్ళిన నాడు ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు. గడ్డంలో ఉప్పు మెరుస్తోంది. చమరిక అతని తలను ఒళ్ళోకి తీసుకుని ఆ ఉప్పును వేళ్ళతో దులిపింది.

"ఇంత ఆలస్యమా?" అంది మెల్లగా, ఇంటికి వచ్చిన మగవాణ్ణి అడిగినట్టు.

మౌంజాయనుడు ఆ కిరాతుడికి కొడుకు చేయవలసిన కర్మలన్నీ తానే చేశాడు. ఆ తర్వాత గుహ విడిచి, దక్షిణం వైపు నడక సాగించాడు. గోదావరి రేవులో ఆ ముసలి తపస్విని చూసినవారు, మిగిలిన రోజుల్లో ఆయన ప్రతి ఉదయం నదిలో దిగి తక్కిన ఆరుగురినీ పిలిచేవాడనీ, ఒక్కరోజు కూడా పంపడం మరువలేదనీ చెప్పుకున్నారు.

చమరిక భర్త అస్థికలతో పల్లెకు దిగింది. అత్తగారు గడప దాటి ఎదురు వచ్చింది. ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. ఇన్నాళ్ళూ దారి మార్చి నడిచినవారు ఆనాడు ఆమె భుజాల మీద తలలు పెట్టి ఏడ్చారు. ఆమెను ఏడుపుకు పిలిచిన మొదటి రోజు అది. ఏరువాక ముందు ఒక ఇంట్లో పెళ్ళి జరిగితే, పెళ్ళికూతురి తల్లి తానే వచ్చి, "వదినా, చుట్టాలు బయలుదేరుతున్నారు. బొట్టు నువ్వు పెట్టాలి" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

నాటి నుంచి తుహినాక్షి, కనుమ మీద మంచు తీసుకున్నవారిని వేసవి దాటనివ్వకుండా తెచ్చి ఒడ్డున అప్పగిస్తూ వస్తోంది. ఆ లోయలో అతిథులకు బొట్టు పెట్టే చెయ్యి ఎవరిదని ఎవరూ అడగరు. ఇంట్లో ఏ స్త్రీ గుమ్మం దగ్గర ఉంటే ఆ స్త్రీదే ఆ చెయ్యి.

ఈ కథను శ్రద్ధగా విన్నవారి ఇంటికి వచ్చినవారు నిండు మనసుతో తిరిగి వెళ్తారు. తమవారి జాడ తెలియక గడప వైపు చూస్తూ ఉన్నవారికి, మంచిదైనా చెడ్డదైనా, నిజమైన కబురు అందుతుంది.